వరుస తెగని బిల్లు నంబరు

పదహారు అక్షరాలు దాటకూడదు. వరుసలో ఉండాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు రెండోసారి రాకూడదు. బిల్లు నంబరు విషయంలో మన జీఎస్టీ నిబంధనలు కోరేది ఇంతే. సీజీఎస్టీ నిబంధనల్లో 46వది దీన్ని ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత వాడుకోవచ్చు. ఒకే వరుస నడపొచ్చు, అవసరమైతే నాలుగైదు వరుసలు కూడా నడపొచ్చు. నియమం ఇంత చిన్నదే అయినా, చిన్న వ్యాపారుల లెక్కలు చూసే ఆడిటర్లను అడిగి చూడండి. ఏడాది చివర వాళ్ల ప్రాణం తీసేది పన్ను లెక్క కంటే ముందు ఈ ప్రశ్నే: "42 ఉంది, 44 ఉంది, మధ్యలో 43 ఏమైంది?"

సొంతంగా పని చేసుకునే ఫోటోగ్రాఫర్లు, డిజైనర్లు, అనువాదకులు, కోడ్ రాసేవాళ్లు, ఇంటీరియర్ పనులు చేసేవాళ్లు, ఇద్దరు ముగ్గురితో నడిచే ప్రింటింగ్ ప్రెస్సులు, చిన్న దుకాణాలు: వీళ్ల బిల్లుల గురించే ఈ వ్యాసం. పెద్ద కంపెనీలకు అకౌంట్స్ విభాగాలున్నాయి, వాటి సంగతి వేరు. ఇక్కడ బిల్లు రాసేదీ, డబ్బు అడిగేదీ, రిటర్ను వేయించేదీ ఒకే మనిషి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనవాళ్లు నంబరు మీద మోయలేని బరువు వేస్తున్నారు. తేదీ, కస్టమర్ పేరు, ప్రాజెక్టు, ఊరు అన్నీ అందులోకే ఎక్కిస్తున్నారు. నంబరు చేయాల్సిన అసలు పని వరుస తెగలేదని చూపించడం. ఆ పని మాత్రం సగంలో ఆగిపోతోంది.

కంప్యూటర్లకు ముందు ఈ పని ప్రెస్సువాళ్లే చేసిపెట్టేవారు. బిల్లు బుక్కు అచ్చు వేయించేటప్పుడే నంబరింగ్ మిషను ప్రతి కాగితం మీదా వరుస అంకె కొట్టేది. తెల్ల కాగితం కస్టమరుకు, రంగు కాగితం పుస్తకంలో. రాయడంలో తప్పు జరిగితే రెండు కాగితాల మీదా అడ్డంగా గీత గీసి, 'రద్దు' అని రాసి, అందులోనే ఉంచేవారు. కాగితం చింపితే నంబరు లేని సంగతి ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి వరుస దానంతటదే నిలిచేది. నంబరు ఎంచుకునే స్వేచ్ఛ యజమానికి లేకపోవడమే ఆ పద్ధతికి బలం. వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో బిల్లు తయారు చేయడం మొదలుపెట్టాక ఆ స్వేచ్ఛ వచ్చింది, దాంతోపాటే తప్పులూ వచ్చాయి. పాత బిల్లు ఫైలు తెరిచి, పేరూ మొత్తమూ మార్చి, నంబరు మార్చడం మరిచిపోయి పంపేయడం ఈ రోజుల్లో అన్నిటికంటే మామూలు పొరపాటు. ఇద్దరు కస్టమర్ల దగ్గర ఒకే నంబరుతో రెండు బిల్లులు ఉంటాయి. వాళ్లలో ఎవరికీ అది తెలియదు. రిటర్ను వేసే రోజున పోర్టల్ పట్టుకుంటుంది.

ప్రభుత్వానికి వరుస ఎందుకు ముఖ్యమో అర్థమైతే మిగతాదంతా సులువవుతుంది. బిల్లులో రాసిన మొత్తం సరైనదో కాదో ఆ బిల్లు చూసి చెప్పొచ్చు. కానీ అసలు చూపించని బిల్లు ఒకటుందేమో తెలుసుకోవడానికి వరుస నంబరే అన్నిటికంటే సులువైన దారి. జీఎస్టీఆర్-1 రిటర్నులో 13వ పట్టిక సరిగ్గా ఇదే అడుగుతుంది. ఈ నెలలో మీ బిల్లులు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వెళ్లాయి, మొత్తం ఎన్ని, రద్దయినవి ఎన్ని, నికరంగా ఎన్ని? చాలా ఏళ్లు దీన్ని ఖాళీగా వదిలేసినా రిటర్ను వెళ్లిపోయేది. 2025 మే నెల రిటర్నుల నుంచి అది నింపడం తప్పనిసరి చేశారు. అందువల్ల నంబర్ల క్రమశిక్షణ ఇప్పుడు ఎవరి ఇష్టానికీ వదిలేసిన విషయం కాదు. ప్రతి నెలా లేదా ప్రతి మూడు నెలలకూ ప్రభుత్వానికి రాసిచ్చే లెక్క అది.

రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఇదంతా వర్తించదు. సేవలు అందించేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వస్తువులు అమ్మేవారి విషయంలో రెండు రాష్ట్రాలూ విడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో హద్దు 40 లక్షలు. తెలంగాణ మాత్రం 2019లో ఆ సడలింపు తీసుకోకుండా 20 లక్షల దగ్గరే ఆగింది. రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకు మరికొన్ని నియమాలున్నాయి, వాటిని ఆడిటరును అడిగి తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లు మీద 'ట్యాక్స్ ఇన్‌వాయిస్' అని రాయకూడదు, జీఎస్టీ వసూలు చేయకూడదు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు 'బిల్ ఆఫ్ సప్లై' ఇవ్వాలి. తాము కాంపోజిషన్‌లో ఉన్నామనీ, పన్ను వసూలు చేయడానికి అర్హులం కామనీ దాని పైభాగంలో రాయాలి. నంబరు నియమం ఆ బిల్లుకూ వర్తిస్తుంది.

రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి నంబర్లు అక్కర్లేదనుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ వరుస నంబర్లు అడగడం అంతకు చాలా ముందు నుంచే ఉంది. 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 6ఎఫ్ అనేది డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, సినిమా కళాకారుల వంటి వృత్తులవాళ్లు ఏ పుస్తకాలు ఉంచాలో చెప్పింది. వరుస నంబర్లున్న బిల్లుల కార్బన్ కాపీలు ఆ జాబితాలో ఉండేవి. 25 రూపాయలు మించని మొత్తాలకు మాత్రం మినహాయింపు ఉండేది. పన్ను ఏ రూపంలో ఉన్నా వరుస నంబరు మీద చట్టానికి ఉన్న నమ్మకం పాతదే. పైగా 20 లక్షల హద్దు ఏడాది మధ్యలో దాటితే, రిజిస్ట్రేషన్ అమల్లోకి వచ్చిన తేదీ నుంచి సర్టిఫికెట్ చేతికందేదాకా ఇచ్చిన బిల్లులకు సవరించిన బిల్లులు ఇచ్చే వీలుంది. మొదటి రోజు నుంచీ నంబర్లున్నవాడికి అది ఒక పూట పని. లేనివాడు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని ఎవరికి ఏం చేశాడో గుర్తు చేసుకోవాలి.

నంబరు ఎలా కట్టాలి?

మనవాళ్ల అలవాట్లు చూస్తే నాలుగు పద్ధతులు కనిపిస్తాయి. కొందరు 1, 2, 3 అంటూ వెళ్తారు. కొందరు తేదీనే నంబరుగా పెడతారు. కొందరు ఒక్కో కస్టమరుకు ఒక్కో వరుస నడుపుతారు. ఇంకొందరు ప్రాజెక్టు పేరుకు అంకె తగిలిస్తారు.

తేదీ పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 2025 జూన్ 14న ఇచ్చిన బిల్లు 20250614. ఏ రోజుదో చూడగానే తెలుస్తుంది. కానీ దాని తర్వాతి బిల్లు 20250619 అయితే మధ్యలో నాలుగు రోజులు పని లేదా, లేక నాలుగు బిల్లులు మాయమయ్యాయా? నంబరు చూసి ఎవరూ చెప్పలేరు. వరుస అనే గుణమే అందులో లేదు. 13వ పట్టికలో మొదటి నంబరు, చివరి నంబరు రాస్తే మధ్య తేడాకూ మొత్తం బిల్లుల సంఖ్యకూ పొంతన ఉండదు. తేదీ బిల్లు మీద విడిగా ఎలాగూ ఉంటుంది. ఈ పద్ధతి వదిలేయమనే నా సలహా.

కస్టమర్ పద్ధతి చట్టానికి విరుద్ధమేమీ కాదు. ఒకటి కంటే ఎక్కువ వరుసలకు నిబంధన ఒప్పుకుంటుంది. కానీ పన్నెండు మంది కస్టమర్లుంటే పన్నెండు వరుసలు కాపాడాలి. ఒక్కో దానిలో నెలకు ఒక బిల్లు, కొన్నిటిలో అదీ ఉండదు. కస్టమర్లకు ఇందులో ఒరిగేదేమీ లేదు. మీ బిల్లుకు వాళ్లు తమ లెక్కల్లో తమ వోచర్ నంబరు వేసుకుంటారు. "ఈ కస్టమరుకు ఈ ఏడాది ఎన్ని బిల్లులిచ్చాను" అనే ప్రశ్నకు జవాబు రిజిస్టరులో ఒక్క ఫిల్టరుతో దొరుకుతుంది. ప్రాజెక్టు పద్ధతికీ ఇదే మాట వర్తిస్తుంది. సంవత్సరాల తరబడి సాగే ఒకటి రెండు కాంట్రాక్టులు తప్ప దాని అవసరం ఎక్కడా కనిపించదు.

మిగిలేది మామూలు వరుస. దానికి ముందు ఆర్థిక సంవత్సరం చేర్చడం మంచిది. 25-26/0147 అనుకోండి. పది అక్షరాల్లో పని అయిపోయింది. నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో మాత్రమే ప్రత్యేకంగా ఉండాలని నిబంధన అంటోంది కాబట్టి ఏటా ఏప్రిల్ 1న 0001 నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. సంవత్సరం ముందు రాసుకుంటే పాత 0147కూ కొత్త 0147కూ గొడవ ఉండదు. ఒకటితోనే మొదలుపెట్టాలని కూడా ఎక్కడా లేదు. కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు మొదటి కస్టమరుకు '1' పంపడానికి మొహమాటపడతారు. 101 నుంచి మొదలుపెట్టండి, తప్పేమీ లేదు. 101 తర్వాత 102 వస్తే చాలు.

ముందు సున్నాలు పెట్టడం అలంకారం కోసం అనుకోవద్దు. సున్నాలు లేకపోతే కంప్యూటర్ ఫైళ్లను వరుసలో పెట్టేటప్పుడు చాలా చోట్ల 10వ బిల్లు 2వ దాని కంటే ముందొచ్చి కూర్చుంటుంది. ఎక్సెల్‌తో ఇంకో జాగ్రత్త ఉంది. గడిని ముందుగా 'టెక్స్ట్' అని మార్చకపోతే 0147 కాస్తా 147 అవుతుంది. 4-25 అని రాస్తే దాన్ని ఏప్రిల్ తేదీగా మార్చేస్తుంది. రిటర్నుకు పంపే పట్టికలో ఒక నంబరు, కస్టమర్ చేతిలోని కాగితం మీద ఇంకో నంబరు ఉండటానికి సగం సార్లు కారణం ఇదే. కొనేవాడి ఇన్‌పుట్ క్రెడిట్ మీరు రిటర్నులో చూపిన బిల్లు మీదే ఆధారపడుతుంది. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కూడా వచ్చింది. కొన్నవాడు అక్కడ ప్రతి బిల్లునూ ఒప్పుకోవచ్చు, తిప్పికొట్టొచ్చు, పక్కన పెట్టొచ్చు. ఒక సున్నా తేడా వల్ల మంచి కస్టమర్ అకౌంటెంటుతో నాలుగు ఫోన్లు మాట్లాడాల్సి వస్తుంది.

పదహారు అక్షరాల హద్దు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కూడా చూద్దాం. హైదరాబాదుకు గుర్తుగా మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ఏటవాలు గీత, 2025-26, మరో గీత, 0001 రాస్తే సరిగ్గా పదహారు నిండిపోతాయి. బిల్లులు 9,999 దాటితే ఇంకో అంకెకు చోటు లేదు. సంవత్సరాన్ని 25-26కు కుదిస్తే రెండు అక్షరాలు మిగులుతాయి. ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) పరిధిలో ఉన్నవాళ్లకు ఇంకో షరతు ఉంది. నంబరు సున్నాతో గానీ గీతతో గానీ మొదలవకూడదు. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్ మెట్టుమెట్టుగా దిగుతూ వచ్చి 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవాళ్ల దాకా వచ్చింది. 2025 జూన్ 1 నుంచి చిన్నబడి, పెద్దబడి ఇంగ్లిష్ అక్షరాల తేడాను కూడా ఆ వ్యవస్థ లెక్కలోకి తీసుకోవడం లేదు. అన్నిటినీ పెద్దబడిగానే చూస్తోంది. చిన్న వ్యాపారికి ఇవాళ ఇది అవసరం లేకపోవచ్చు. అయినా హద్దు కిందికి దిగుతున్న తీరు చూస్తే, రేపు మార్చుకోనక్కర్లేని నంబరును ఇవాళే ఎంచుకోవడం తెలివైన పని.

ఎన్ని వరుసలు ఉండాలి? ఒక్కడే నడిపే వ్యాపారానికి బిల్లులకు ఒకటి, క్రెడిట్ నోట్లకు ఒకటి, అడ్వాన్సు రసీదులకు ఒకటి చాలు. రెండు చోట్ల ఒకేసారి బిల్లులు రాసే దుకాణానికి, ఉదాహరణకు షాపులో ఒక బుక్కు, గోడౌనులో ఒక బుక్కు ఉన్నచోట, ఒక్కో దానికి ఒక్కో అక్షరం పెట్టి రెండు వరుసలు నడపడం తప్పనిసరి. ఒకే వరుసలోని రెండు పుస్తకాలను రెండు చోట్ల పంచితే తేదీలూ నంబర్లూ అడ్డదిడ్డమైపోతాయి. విజయవాడలో బ్రాంచి ఉన్న హైదరాబాదు సంస్థకు రాష్ట్ర విభజన తర్వాత రెండు రిజిస్ట్రేషన్లు కావాలి. తెలంగాణ జీఎస్టీ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతాయి. చట్టం దృష్టిలో అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. రెండు చోట్లా 0001 ఉన్నా తప్పు లేదు. కానీ యజమాని కంప్యూటర్‌లో రెండు రాష్ట్రాల బిల్లులూ ఒకే ఫోల్డరులో పడతాయి కాబట్టి ఆ 36, 37లనే ముందు పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. విదేశీ కస్టమర్లకు విడి వరుస అక్కర్లేదు. ఎల్‌యూటీ (హామీపత్రం) కింద పన్ను లేకుండా ఎగుమతి చేస్తున్నామని ఆ బిల్లు మీద రాయాల్సిన మాట రాస్తే చాలు.

తెగిన వరుసను ఏం చేయాలి?

నంబరు తప్పిపోతే భయపడేవాళ్లు రెండు రకాల పనులు చేస్తారు. రెండూ ప్రమాదమే. ఒకటి, ఖాళీగా ఉన్న నంబరుకు వెనక తేదీతో ఒక బిల్లు పుట్టించడం. రెండు, తర్వాతి నంబర్లన్నిటినీ ఒక్కొక్కటి వెనక్కి జరపడం. మొదటిది అబద్ధపు పత్రం. రెండోది కస్టమర్ల చేతుల్లో ఉన్న కాగితాలన్నిటినీ తప్పుగా మార్చేస్తుంది. టాలీ పాత వెర్షన్లలో నంబరింగ్ ఆటోమేటిక్‌గా పెట్టుకున్నవాళ్లకు ఈ రెండోది తెలియకుండానే జరిగేది. మధ్యలో ఒక వోచరు తీసేసినా, పాత తేదీతో ఒకటి చేర్చినా దాని తర్వాతివన్నీ జరిగేవి. కస్టమర్ దగ్గర 212 అని ఉంటే కంప్యూటర్ 211 అనేది. తర్వాత వచ్చిన టాలీప్రైమ్ వెర్షన్లలో ఉన్న నంబర్లను కదలనివ్వని ఎంపిక ఉంది. టాలీ వాడుతున్నవాళ్లు అది ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూసుకోవాలి.

సరైన పద్ధతి పాత బిల్లు బుక్కులో ఉన్నదే. రద్దయిన నంబరు రద్దయినట్టే ఉండాలి. బిల్లు ఇంకా రిటర్నులోకి వెళ్లకపోతే దాని మీద 'రద్దు' అని రాసి, కారణం ఒక్క మాటలో పెట్టి, 13వ పట్టికలో రద్దుల గడిలో చూపించాలి. ఆ నంబరును మళ్లీ వాడకూడదు. రిటర్నులోకి వెళ్లిపోయాక రద్దు చేయడం కుదరదు. అక్కడ క్రెడిట్ నోటు ఇవ్వాలి, దానికి దాని సొంత వరుస నంబరు ఉండాలి. ఆ క్రెడిట్ నోటును రిటర్నులో చూపడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంది, వార్షిక రిటర్ను అంతకు ముందే వేస్తే ఆ రోజే ఆఖరు. ఈ-ఇన్‌వాయిస్ అయితే రద్దుకు 24 గంటలే సమయం.

నిజాయతీగా జరిగిన పొరపాటుకు చట్టం కత్తి దూయదు. 5,000 రూపాయల లోపు పన్నుకు సంబంధించిన చిన్న తప్పులకూ, మోసం చేసే ఉద్దేశం లేకుండా జరిగి సులువుగా సరిదిద్దగలిగే తప్పులకూ జరిమానా వేయకూడదని సీజీఎస్టీ చట్టం 126వ సెక్షన్ అంటోంది. అసలు బిల్లే లేకుండా అమ్మితే, తప్పుడు బిల్లిస్తే మాత్రం 122వ సెక్షన్ కింద 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానా. మన బజార్లలో 'కచ్చా బిల్లు', 'ఎస్టిమేషన్ స్లిప్' పేరుతో నంబరు లేని కాగితం మీద సరుకు అమ్మే అలవాటు ఇంకా పోలేదు. ఆ కాగితంతో కొన్నవాడికి క్రెడిట్ రాదు, గ్యారంటీ నిలవదు. అమ్మినవాడు బాకీ కోసం కోర్టుకెక్కితే చూపించడానికి ఏమీ ఉండదు. 200 రూపాయల లోపు అమ్మకాలకు, కొనేవాడు రిజిస్ట్రేషన్ లేనివాడై బిల్లు అడగకపోతే, రోజు చివర అన్నిటికీ కలిపి ఒకే బిల్లు రాసుకునే వెసులుబాటు చట్టమే ఇచ్చింది. ఇంత సడలింపు ఉన్నాక కచ్చా కాగితానికి సాకు లేదు.

బిల్లు ముందా, డబ్బు ముందా?

ఫ్రీలాన్సర్లను అన్నిటికంటే ఎక్కువ నొప్పించే చిక్కు ఇది. దీన్ని మన దగ్గర ఎవరూ సరిగ్గా విప్పి చెప్పడం లేదు. "ముందు ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపండి, పేమెంటు ప్రాసెస్‌లో పెడతాం" అంటుంది కంపెనీ. బిల్లు పంపిన నెలకు జీఎస్టీ కట్టాలి. డబ్బు మూడు నెలలకొస్తుంది, ఒక్కోసారి రానే రాదు. లక్ష రూపాయల పనికి 18 వేలు తన జేబులోంచి ముందే కట్టిన మనిషికి ఈ పద్ధతి ఎంత అన్యాయంగా అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి చాలామంది ఎంచుకున్న దారి ప్రొఫార్మా. ముందు ప్రొఫార్మా పంపడం, డబ్బు పడ్డాక అసలు బిల్లివ్వడం. ప్రొఫార్మా అనేది ధర చెప్పే కాగితం మాత్రమే, చట్టం దాన్ని బిల్లుగా గుర్తించదు. అది బిల్లుల వరుసలో చేరకూడదు, పైన 'ట్యాక్స్ ఇన్‌వాయిస్' అని ఉండకూడదు. దానికి పూర్తిగా వేరే గుర్తుతో నంబరు ఇవ్వాలి. వరుసల్లో రంధ్రాలు పడటానికి పెద్ద కారణం ఇక్కడే ఉంది: ప్రొఫార్మాకూ బిల్లుకూ ఒకే వరుస వాడతారు, కస్టమర్ ఒప్పుకోని ప్రొఫార్మాలన్నీ ఖాళీ నంబర్లుగా మిగులుతాయి.

అయితే ప్రొఫార్మాతో అనంతకాలం నడపొచ్చని అనుకోకూడదు. సేవ పూర్తయిన 30 రోజుల్లోపు బిల్లివ్వాలని 47వ నిబంధన చెబుతోంది, డబ్బు వచ్చినా రాకపోయినా. కాబట్టి నిజమైన పరిష్కారం ఒప్పందంలో ఉంది. పని మొదలుపెట్టే ముందే అడ్వాన్సు తీసుకోవాలి, పెద్ద పనిని దశలుగా విడగొట్టి దశ దశకూ బిల్లు వేయాలి. పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఈ విషయంలో ఐటీ ఫ్రీలాన్సర్ల కంటే ముందున్నారు. అడ్వాన్సు చేతిలో పడనిదే తేదీ రాసుకోరు. సేవలకు తీసుకున్న అడ్వాన్సుకు రసీదు వోచరు ఇవ్వాలి, పన్ను కూడా అప్పుడే లెక్కకొస్తుంది. వస్తువులకు 2017 నవంబరు నుంచి అడ్వాన్సు మీద పన్ను తీసేశారు. అడ్వాన్సు రసీదు నంబరును తర్వాత ఇచ్చే అసలు బిల్లు మీద రాస్తే కస్టమరుకూ మీకూ మధ్య మాట తేడా రాదు.

చెప్పిన సమయానికి డబ్బు రాకపోతే బిల్లు నంబరు, తేదీ, పని అప్పగించిన ఆధారం, ఈ మూడే ఆయుధాలు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. గడువు దాటి చెల్లించని మొత్తాన్ని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకుండా 2023 ఫైనాన్స్ చట్టం అడ్డుకట్ట వేసింది. కోర్టు దాకా వెళ్లాలంటే సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి. క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకంలోని పద్దు సాక్ష్యంగా చెల్లుతుంది, కానీ అదొక్కటే బాకీని రుజువు చేయదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 28వ సెక్షనులో ఉన్నదీ, పాత సాక్ష్య చట్టం 34వ సెక్షనులో ఉన్నదీ ఇదే సూత్రం. అందుకే బిల్లు పంపిన ఈమెయిల్, కస్టమర్ "అందింది" అన్న జవాబు, పని అప్పగించిన లింకు, ఇవన్నీ ఆ బిల్లు నంబరు కింద ఒకే చోట ఉండాలి.

రిజిస్టరు, ఫోల్డరు

నంబరులో ఎక్కించొద్దన్న సమాచారమంతా ఎక్కడుండాలి? ఒక రిజిస్టరులో. ఎక్సెల్ కావచ్చు, వ్యాపార్, జోహో వంటి సాఫ్ట్‌వేర్ కావచ్చు, గళ్ల పుస్తకం కావచ్చు. నంబరు, తేదీ, కస్టమర్, అతని జీఎస్టీ నంబరు, పని వివరం, పన్ను లేని మొత్తం, పన్ను, మొత్తం, టీడీఎస్, రావాల్సింది, వచ్చిన తేదీ, బ్యాంకు యూటీఆర్ నంబరు. చిట్టా, ఆవర్జా రాసిన పెద్దలకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

టీడీఎస్ (డబ్బు చెల్లించేవాళ్లు ముందే కోసుకునే ఆదాయపు పన్ను) గడి ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. లక్ష రూపాయల వృత్తి ఫీజు, 18 వేల జీఎస్టీ, మొత్తం 1,18,000. కంపెనీ పది శాతం టీడీఎస్‌ను జీఎస్టీ లేని లక్ష మీద కోస్తుంది. ఖాతాలో పడేది 1,08,000. బిల్లు మీద ఉన్న మొత్తం బ్యాంకు స్టేట్‌మెంటులో ఎక్కడా కనిపించదు. రెండు మూడు బిల్లులకు కలిపి ఒకేసారి వేస్తే ఏది దేనికో తేల్చడానికి గంటలు పడుతుంది. డబ్బు పంపేటప్పుడు బిల్లు నంబరు రాయమని బిల్లు కిందే ఒక వాక్యం పెట్టండి. యూపీఐలో పంపేవాళ్లకూ ఆ మాట చెప్పండి. ఏడాది చివర ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపించే టీడీఎస్‌ను ఈ గడితో సరిచూస్తే కంపెనీ కోసి కట్టని సొమ్ము బయటపడుతుంది. అది మీ డబ్బే, అడిగి తెచ్చుకోవాలి.

ఫైళ్ల విషయంలో చాలామంది 'వచ్చినవి', 'రావాల్సినవి' అని రెండు ఫోల్డర్లు పెట్టి బిల్లులను అటూ ఇటూ మారుస్తుంటారు. ఇలా చేస్తే వరుస ఎక్కడా ఒకేచోట కనిపించదు. ఆర్థిక సంవత్సరానికి ఒక ఫోల్డరు, అందులో బిల్లులన్నీ నంబరు క్రమంలో, రద్దయినవి సహా. డబ్బు వచ్చిందా లేదా అన్నది రిజిస్టరులో చూడాలి. ఫైలు పేరు నంబరుతో మొదలై, కస్టమర్ పేరుతో ముగియాలి. ఫైలు పేర్లలో ఏటవాలు గీత పనిచేయదు కాబట్టి అక్కడ అడ్డగీత వాడండి. పంపిన బిల్లు పీడీఎఫ్‌గానే ఉండాలి. వర్డ్ ఫైలు మాత్రమే మిగిలితే మీరు పంపింది అదేనని చూపించడం కష్టం.

కొనుగోలు బిల్లులకు కూడా ఒక వరుస కావాలి. సప్లయర్ల నంబర్లు ఒక్కొక్కరివీ ఒక్కో రకం. వచ్చిన ప్రతి బిల్లు మీదా మీ సొంత ఇన్‌వర్డ్ నంబరు వేసి, అదే నంబరుతో స్కాన్ చేసి ఉంచండి. పెట్రోలు బంకుల్లో, సూపర్ మార్కెట్లలో ఇచ్చే థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. అందుకే అందిన రోజే ఫోటో తీయాలి. జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. డిసెంబరు 31 గడువును లెక్కలోకి తీసుకుంటే 2025-26 బిల్లులు 2032 డిసెంబరు దాకా ఉండాలి. ఒక ల్యాప్‌టాపు అన్నేళ్లు బతకదు. రెండు చోట్ల కాపీలు ఉండి తీరాలి.

ఇతర దేశాల తీరు కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే మన ఫ్రీలాన్సర్ల కస్టమర్లు అక్కడున్నారు, మనవాళ్లలో చాలామంది అక్కడే సొంత సంస్థలు నడుపుతున్నారు. యూరోపియన్ యూనియన్ 2006 నాటి వ్యాట్ డైరెక్టివ్‌లో, 226వ ఆర్టికల్‌లో, దాదాపు మన నిబంధన మాటలే ఉన్నాయి: ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ వరుసల్లో, బిల్లును ప్రత్యేకంగా గుర్తించే క్రమ సంఖ్య. ఇటలీ 2019 జనవరి 1 నుంచి దేశంలోపలి బిల్లులను దాదాపుగా అన్నిటినీ ప్రభుత్వ వ్యవస్థ గుండానే పంపిస్తోంది. అమెరికాలో దేశమంతటికీ వ్యాట్ లేదు, బిల్లుకు వరుస నంబరు ఉండాలని ఫెడరల్ చట్టమూ లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కస్టమర్ మీ నంబరును పట్టించుకోకపోవచ్చు, తన పర్చేజ్ ఆర్డరు నంబరే రాయమని అడగొచ్చు. అతని ఆర్డరు నంబరును విడి గడిలో రాయండి. మీ వరుస మీది. దాన్ని ఏ కస్టమర్ కోసమూ మార్చొద్దు.

ఏడాది మధ్యలో ఉన్నా మీ నంబర్లు గందరగోళంగా ఉంటే మార్చి దాకా ఆగక్కర్లేదు. పాత వరుసను ఆ నెలాఖరున ఆపి, కొత్త గుర్తుతో కొత్త వరుసను ఒకటో తేదీన మొదలుపెట్టొచ్చు. ఒకటి కంటే ఎక్కువ వరుసలకు నిబంధన ఒప్పుకుంటుంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. ఎందుకు మార్చారో, పాత వరుస ఏ నంబరు దగ్గర ఆగిందో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, తేదీ వేసి, ఒక కాపీ మీ ఆడిటరుకు ఇవ్వండి.